పదకొండో చరణం: నోవై నుంచి కెంటకీ కొండల దాకా

ఈ ప్రయాణం ఒక లేత్ మిషను దగ్గర మొదలైంది. నేను అమెరికాకి ఇంజనీరుగా రాలేదు, నర్సమ్మ మొగుడిగా వచ్చాను. మా ఆవిడ స్వర్ణకి డెట్రాయిట్‌లో ఆసుపత్రి ఉద్యోగం వస్తే, ఆవిడ వీసా వెనకాల నేనూ దిగాను. బడి చదువు రేపల్లె దగ్గర పదో తరగతితో సరి. మిగతాదంతా మేముండే డెట్రాయిట్ పక్క ఊరు నోవై లైబ్రరీలో, చలికాలం హీటరు పక్క కుర్చీలో, ఎవరూ పరీక్ష పెట్టని చదువు. కార్ల విడిభాగాలు కోసే ఒక వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్ళు పని చేశాను. నా పక్క మిషను ఎర్ల్‌ది. కెంటకీ కొండల మనిషి. ఆరడుగుల పొడుగు, రోజుకి ఆరు మాటలు. ఆ ఆరు మాటల మనిషి ఇనుము కోస్తూ పాడుకునేవాడు. మిషన్ల రొదలో తన గొంతు ఎవరికీ వినపడదని అతని నమ్మకం. నాకు వినపడేది. కుర్రతనంలో మా పల్లె చర్చి బుర్రకథ దళంలో వంతగా, అంటే కథకుడి పక్కన నిలబడి గుమ్మెట వాయించేవాడిగా, ఏడేళ్ళు తిరిగాను. రొదలోంచి గొంతుని ఏరుకోవడం ఒక్కటే నాకు బాగా వచ్చిన విద్య.

ఎర్ల్ పాడేది ఎప్పుడూ మూడు చరణాలే. మూడోది అవగానే మళ్ళీ మొదటికి వెళ్ళేవాడు. కొండల్లో ఒకామె మొగుడు, నరికిన దుంగలన్నీ తాళ్ళతో బిగించి తెప్ప కట్టి, వరద నీటి మీద దూరపు మిల్లుకి తోలుకెళ్తాడు. అంతవరకే. నాలుగేళ్ళు ఓర్చుకుని, ఒకరోజు భోజనాల బల్ల దగ్గర ఉండబట్టలేక అడిగాను, తర్వాతేమైందయ్యా అని. ఎర్ల్ శాండ్‌విచ్ నమలడం పూర్తిచేసి చెప్పాడు: "తర్వాతది మా అక్క ఓపల్ దగ్గరుంది. మొత్తం పంతొమ్మిది. నాకు మూడు వచ్చేసరికే నేను రూట్ ఇరవై మూడు ఎక్కేశాను."

రూట్ ఇరవై మూడు సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మర్చిపోతాను. మా నోవైకి పడమరగా పావుగంట దూరంలో దక్షిణానికి పోయే రోడ్డు అది. ఆన్ ఆర్బర్, టొలీడో, కొలంబస్ దాటి, ఒహాయో నది దాటి, కెంటకీ బొగ్గు కొండల్లోకి వెళ్తుంది. బొగ్గు గనుల్లో పని లేక, ఆ కొండల కుర్రాళ్ళంతా ఒకప్పుడు ఆ రోడ్డు మీదే డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలకి వచ్చారు. మన పిల్లలకి శంషాబాద్ విమానాశ్రయం ఎలాగో వాళ్ళకి ఆ రోడ్డు అలాగ. వచ్చినవాళ్ళు పాటలు తెచ్చుకున్నారు. తిరిగి వెళ్ళినవాళ్ళు తక్కువ. ఎర్ల్ కూడా వెళ్ళలేదు. రెండేళ్ళ కిందటి చలికాలంలో ఇక్కడే పోయాడు.

అంత్యక్రియలకి ఓపల్ గారి మనవరాలు జోడీ ఒక్కతే వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. తెప్ప పాట సంగతి ఎత్తేసరికి నన్ను వదల్లేదు, ఫోన్ నంబర్లు మార్చుకున్నాం. పోయిన ఆగస్టులో ఫోన్ చేసింది. వసంతంలో అమ్మమ్మకి స్ట్రోక్ వచ్చిందనీ, నడక బాగానే ఉన్నా మతిమరుపు పెరిగిపోతోందనీ చెప్పింది. "నాకు పది చరణాలు వచ్చు, అంకుల్. అంట్లు తోముతూ పాడుకునేటప్పుడు పక్కన నిలబడి నేర్చుకున్నవి. మిగతా తొమ్మిదీ ఎప్పుడూ పాడలేదు. పాడమని అడిగితే ఆవిడకి సిగ్గు. ఎర్ల్ స్నేహితుడు వచ్చాడంటే మాత్రం కాదనదు." నన్ను అంకుల్ అని పిలవడం అంత్యక్రియల నాడు మా అమ్మాయి పెద్దవాళ్ళని అలా పిలుస్తుంటే చూసి నేర్చుకుంది. ఆ పాట ఏ పుస్తకంలోనూ లేదని నాకు తెలుసు. మూడు లైబ్రరీల్లో వెతికాను. వాళ్ళింటి పాట అది, అమ్మమ్మల నుంచి మనవరాళ్ళకి వచ్చినది. ఇప్పుడు తొమ్మిది చరణాలు ఒక్క మనిషి తలలో ఉన్నాయి. ఆ తల రోజుకింత ఖాళీ అవుతోంది.

సెప్టెంబరు ఆఖరి వారం అనుకున్నాం. స్వర్ణని రమ్మంటే, "ఎనిమిది గంటలు కార్‌లో నీ ఉపన్యాసం వినడానికా? ఆ డ్యూటీ నలభై ఏళ్ళు చేశాను, రిటైరయ్యాను" అంది. తన బదులు వాళ్ళన్నయ్యని పంపింది. ప్రకాశం బావ శికాగో పక్క నేపర్‌విల్‌లో ఉంటాడు. ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరై, ఇప్పుడు తెలుగు చర్చిలో పాటల బృందాన్ని వేపుకు తింటున్నాడు. శికాగోలో రైలెక్కి నాలుగున్నర గంటల్లో ఆన్ ఆర్బర్‌లో దిగాడు, ముందుగా కొంటే టికెట్టు నలభై డాలర్ల లోపే. ఇటు రావాలనుకునేవాళ్ళకి కారు కన్నా అదే సుఖం.

గురువారం ఉదయం ఐదున్నరకి బయల్దేరాం. కొలంబస్ దాకా మూడుంబావు గంటలు. ఆ దారిలో వర్ణించడానికి ఏమీ లేదు, మొక్కజొన్న, గిడ్డంగులు, మళ్ళీ మొక్కజొన్న. కొలంబస్ చుట్టుదారిలో ఎనిమిది గంటల ఆఫీసు ట్రాఫిక్‌లో పడకుండా ముందు ఊళ్ళోనే కాఫీకి ఆగడం మంచిది. మేం ఆగలేదు, నలభై నిమిషాలు నిలబడిపోయాం. ఆ నలభై నిమిషాల్లో బావ నన్ను బోనెక్కించాడు.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోకు బావా. నీ సొంత కథలు అడిగే దిక్కు లేదు. వీళ్ళ పాట కోసం ఎనిమిది వందల మైళ్ళా?"

"అడిగే దిక్కు లేదు కాబట్టే."

"అర్థం కాలేదు."

"నాకూ పూర్తిగా కాలేదు. ముందు లారీ కదిలింది, పోనీ."

అర్థం కాకేం. నాకు మూడు బుర్రకథలు మొదటి నుంచి చివరి దాకా వచ్చు. ఒక్కొక్కటి మూడు గంటలు. రెండేళ్ళ కిందట మన తెలుగు అసోసియేషన్ వాళ్ళు పండగ కార్యక్రమంలో నాకు ఐదు నిమిషాలిచ్చారు, ఫ్యాషన్ షోకీ సినిమా డాన్సుకీ మధ్య, పిల్లలు బట్టలు మార్చుకునే వ్యవధిలో. కథ ఎత్తుకుని, ఊరి వర్ణన సగంలో ఉండగా, పక్క నుంచి ఒక అమ్మాయి వేలితో గడియారం చూపించింది. నేను ఆపాను. చప్పట్లు కొట్టారు, అంకుల్ సూపర్ అన్నారు. ఆ కథలో రాజు ఎవరో కూడా ఇంకా చెప్పలేదు నేను. తర్వాత ఫ్రిస్కోలో ఉండే మా మనవడికి ఫోన్‌లో రికార్డ్ చేసి పంపితే "తాతయ్యా, షార్ట్ వర్షన్ ఉందా?" అని అడిగాడు. వాడి తప్పేం లేదు, మర్యాదగానే అడిగాడు. అందుకని, పంతొమ్మిది చరణాలూ కావాలని ఒక మనవరాలు ఫోన్ చేసిందంటే, ఎవరి పాటైతేనేం, నేను కాళ్ళకి చెప్పులు లేకుండానైనా వెళ్ళేవాడిని.

పోర్ట్స్‌మత్ దగ్గర ఒహాయో నది దాటితే కెంటకీ. అక్కడి నుంచి రోడ్డు తీరు మారిపోతుంది. రెండు పక్కలా కొండలు దగ్గరకొస్తాయి, చెట్లు అప్పుడప్పుడే పసుపెక్కుతున్నాయి, ఫోన్ సిగ్నల్ ఉన్నట్టుండి మాయమవుతుంది. పదకొండున్నరకి రోడ్డు పక్క ఒక చిన్న హోటల్లో ఆగాం. ఉడికించిన చిక్కుడు గింజల పులుసు, ఇనప మూకుడులో కాల్చిన మొక్కజొన్న రొట్టె, పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్క. తొమ్మిది డాలర్లు. మా రేపల్లె పొలాల్లో కూలీల మధ్యాహ్నం భోజనానికి ఇది మేనమామ కొడుకు. బావ ఒక ముద్ద తిని, వడ్డించే పెద్దావిడని పిలిచి కారం ఏమైనా ఉందా అని అడిగాడు. ఆవిడ ఒక సీసా తెచ్చి పెట్టింది; క్యాబేజీ, పచ్చి టమాటా, మిరపకాయ వేసిన ఊరగాయ.

"ఇది మా అత్తగారు పెట్టింది. ఆవిడతో ఎలా మాట్లాడతానో దీంతోనూ అలాగే, కొంచెం కొంచెంగా" అంది.

బావ సీసాలో సగం పళ్ళెంలో వంచుకున్నాడు. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఎక్కడి నుంచి వచ్చారు మీరు?"

"మిషిగన్" అన్నాన్నేను.

"అబద్ధం. మిషిగన్ వాళ్ళు దాని మూత తీయగానే ఏడుస్తారు."

రెండున్నరకి పైక్‌విల్ చేరాం. మోటల్ గది పన్నుతో కలిపి ఎనభై తొమ్మిది డాలర్లు, రెండు మంచాలు, శుభ్రంగా ఉంది. పోను రాను పెట్రోలు వంద డాలర్లు దాటలేదు. ఆ కొండల్లోకి వెళ్ళేవాళ్ళు పైక్‌విల్‌లోనే దిగండి. అంతకన్నా లోపల బస కష్టం. దారి కాగితం మీద రాసుకోండి, ఫోన్ మ్యాప్ మలుపు మలుపుకీ చేతులెత్తేస్తుంది. జోడీ ఒక కాగితం మీద బొమ్మ గీసి మోటల్ కౌంటర్‌లో ఇచ్చి వెళ్ళింది: చర్చి, విరిగిన వంతెన, నీలం డబ్బాల ఇల్లు, అక్కడ ఎడమ.

శుక్రవారం తొమ్మిదింటికి బయల్దేరి అరగంటలో చేరాం. రెండు కొండల మధ్య ఇరుకు సందు, పక్కన వాగు, సందు చివర చెక్క ఇల్లు. జోడీ వాకిట్లోనే ఎదురొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇవాళ బాగుంది. పొద్దున్న నా పేరు తనే చెప్పింది. పదకొండు దాటితే అలిసిపోతుంది, ఇప్పుడే పాడించేద్దాం. ఒకటి చెప్పాలి, అంకుల్. వంటింట్లో కళ్ళు మూసుకుని పాడుతుంది. మాట వద్దు, చప్పట్లు వద్దు, కుర్చీ కూడా కదపొద్దు. ఎక్కడైనా ఆగిందంటే మధ్యలోంచి అందుకోలేదు, మళ్ళీ మొదటి నుంచి రావాలి. అంత ఓపిక ఇప్పుడు లేదు. ఏ పాటకైనా చివరి మాటలు పాడదు, మామూలుగా చెప్పేస్తుంది. అది వినపడ్డాక మీ ఇష్టం."

"గోడలా కూర్చుంటాను" అన్నాను.

"ఇద్దరు కొత్తవాళ్ళు ఎదురుగా కూర్చుంటే సిగ్గుపడుతుందేమో. ఒకరు వరండాలో ఉంటే మంచిది. కిటికీ తెరిచే ఉంటుంది, బాగానే వినపడుతుంది."

బావ నా వైపు చూడక ముందే నేను గుమ్మం దాటేశాను. బావ వరండాలో ఊగే బల్ల మీద కూర్చున్నాడు.

ఓపల్ గారికి ఎనభై ఆరు. చిన్న మనిషి, మోచేతుల దాకా మడిచిన మగవాళ్ళ చొక్కా, బల్ల మీద పెట్టుకున్న చేతులు ఎర్ల్ చేతులే. నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"నువ్వేనా ఆ ఇండియా మనిషివి? నీ గురించి ఎర్ల్ ఉత్తరంలో రాశాడు. మిషను ఆపితే ఆగుతుంది గానీ నువ్వు ఆగవని."

"నిజమేనండి."

"వాడు నీకు పాడి వినిపించాడా?"

"వినిపించలేదు. పాడుకుంటుంటే విన్నాను."

ఆ జవాబు ఆవిడకి నచ్చింది. తలూపింది. "అలాగే వినాలి" అంది.

జోడీ ఫోన్ రికార్డర్ నొక్కి, పంచదార డబ్బా వెనక పెట్టింది. ఓపల్ గారు కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. ఏ తయారీ లేదు, గొంతు సవరించుకోవడం లేదు. మాట్లాడుతున్న గొంతే మెల్లగా పాటలోకి జారింది. తాళం లేదు, వాయిద్యం లేదు. ఒక్కో పాదం చివర గొంతు చిన్నగా పైకి తెగినట్టయ్యేది, చీర చెంగు ముల్లుకి తగిలి వచ్చేసినట్టు. ఆ తెగడం ఎర్ల్‌కి కూడా ఉండేది. అతనికి పొగ పట్టిన గొంతనుకున్నాను ఇన్నేళ్ళూ. పాడే పద్ధతే అది. ముఖంలో ఏ భావమూ చూపించదు. ఏడవాల్సిన చోట ఏడుపు చూపించదు. బుర్రకథలో ఏడుపు వస్తే మేం గుమ్మెట మీద కూడా ఏడ్చేవాళ్ళం.

నాలుగో చరణంలో వరద తగ్గిపోయింది. మొగుడు రాలేదు. ఆమె ఏటి ఒడ్డుకి వచ్చింది. మిల్లుకి దుంగలు తోలి కాలినడకన తిరిగొస్తున్న తెప్పల వాళ్ళు ఎదురయ్యారు. ఒకణ్ణి ఆపి అడిగింది, నా మనిషిని చూశావా అని. వాడు టోపీ తీసి, చూడలేదమ్మా అని వెళ్ళిపోయాడు. రెండోవాణ్ణి అడిగింది. వాడు ఆమె ముఖం చూడకుండా, నా వెనక వచ్చేవాణ్ణి అడుగు అన్నాడు. పదో చరణం అయింది. జోడీ బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకుంది. ఇక్కడి నుంచి తనకీ కొత్త.

పదకొండో చరణం. మూడోవాడు వచ్చాడు. ఆమె అడగకముందే ఆగాడు. నడుముకి చుట్టుకున్న తాడు ముక్క విప్పి ఆమె చేతిలో పెట్టాడు. ఆ తాడుకున్న ముడి ఆమె మొగుడు తప్ప ఇంకెవరూ వెయ్యని ముడి. తాడు అందించి, వాడు నోరు తెరిచి...

"ఊఁ" అన్నాను నేను.

తెలుగువాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. మన దగ్గర కథకి ఊ కొట్టకపోతే చెప్పేవాళ్ళు ఆపేస్తారు, వింటున్నావా నిద్రపోయావా అని. నాయనమ్మ చీకట్లో కథ చెబితే పిల్లాడి ఊ ఒక్కటే ఆవిడకి దారి. ఇక నాది మామూలు ఊ కాదు, నేర్పించిన ఊ. పదహారేళ్ళప్పుడు, మా గురువు స్తెఫాను మేష్టారు బైబిల్లోని ఏసోబు కథ చెబుతుంటే నేను జనంలో ఎవరినో చూస్తూ ఒక్క ఊ తప్పాను. ఆయన కథ ఆపకుండానే, తంబురా భుజం మార్చుకుంటున్నట్టు తిరిగి, మోచేత్తో నా పక్కటెముకల్లో పొడిచాడు. "వంతగాడు ఊ అనకపోతే కథకుడు గోతిలో పడతాడురా" అన్నాడు తర్వాత. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా మంచి కథ మలుపు తిరిగితే నా గొంతు నన్నడగదు. నోరు మూసుకోమని నోటికి చెప్పాను. గొంతుకి చెప్పాలని తట్టలేదు.

ఓపల్ గారు ఆగింది. కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, కిటికీని చూసింది, బల్ల మీద చేతుల్ని చూసుకుంది.

"ఎవరో పిలిచారు" అంది.

"ఎవరూ లేరు అమ్మమ్మా. వాడు తాడు ఇచ్చాడు. తర్వాత?" జోడీ గొంతు మామూలుగానే ఉంచింది. దానికి ఎంత కష్టపడిందో నాకు కనపడింది.

"ఎవరు తాడు ఇచ్చారు?"

మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఆరో చరణం దాకా వచ్చింది. ఆరోదాన్లో ఆయాసం వచ్చి, "నా నోరు ఎండిపోయిందమ్మాయ్" అని నీళ్ళు అడిగింది. పదకొండున్నరకి ఇంకోసారి. ఈసారి రెండో చరణంలోంచి దారి తప్పి ఏదో చర్చి పాటలోకి వెళ్ళిపోయింది, అదే తెప్ప పాటనుకుని సంతోషంగా పాడింది. జోడీ ఫోన్ ఆపేసింది. నేను కుర్చీ కదపకుండా కూర్చున్నాను. అప్పటికి దానివల్ల లాభం లేదు.

వాకిట్లోకి వచ్చాక క్షమించమని అడిగాను. "మీరు రాకపోతే పదకొండోది కూడా లేదు, అంకుల్" అంది జోడీ. మర్యాద గల పిల్ల. ఆ మాట చెప్పేటప్పుడు కారు కేసి చూసింది, నా కేసి కాదు. రేపు పొద్దున్న మళ్ళీ చూద్దామంది. శనివారం పొద్దున్న తొమ్మిదింటికి వెళ్ళాం; ఈసారి ఇద్దరం వరండాలోనే కూర్చున్నాం. లోపల ఓపల్ గారు జోడీని నువ్వు ఎవరి అమ్మాయివని అడుగుతోంది. గంట సేపు విన్నాం. పాట రాలేదు.

తిరుగు ప్రయాణంలో ఒహాయో నది దాటాం. వంతెన దిగగానే బావ అన్నాడు:

"నాకు బయటికి బాగానే వినపడింది."

"పాటా?"

"పాట కూడా."

నేను రోడ్డు చూస్తున్నాను. బావే మళ్ళీ అందుకున్నాడు. "ఒకందుకు నిన్ను తిట్టాలని ఉంది బావా. ఇంకోందుకు నన్ను నేను తిట్టుకోవాలి. తాడు ఇచ్చాడనగానే నేనూ నోరు తెరిచాను. చేత్తో మూసుకున్నాను."

"నాకు చేతులు లేవా?"

"నీకు నువ్వు వంతగాడివని గర్వం ఉంది. నాకది లేదు."

నలభై ఏళ్ళ బంధుత్వంలో మా బావ చెప్పిన ఒకే ఒక్క తెలివైన మాట అది. అది కూడా నన్ను తిట్టడానికే వాడాడు.

డిసెంబరు రెండో వారంలో జోడీ మెసేజ్ వచ్చింది. థాంక్స్‌గివింగ్ తర్వాతి వారం అమ్మమ్మ రెండో స్ట్రోక్‌తో చనిపోయిందని. మధ్యలో పాట మళ్ళీ రాలేదు. ఆ రోజు రికార్డింగ్ కింద పెట్టి ఇలా రాసింది, నా తెలుగులో చెబుతాను: "పదకొండో చరణం చివరి మాట మీదే మీ గొంతు పడింది. విడదీయబోతే ఆవిడ మాట కూడా తెగిపోతోంది. అందుకని ఉంచేశాను. శనివారాలు లైబ్రరీలో పిల్లలకి ఈ పాట నేర్పుతున్నాను. ఆ రికార్డింగ్ విని వాళ్ళు చివర మీలాగే ఊ అంటున్నారు, అది కూడా పాటలోదే అనుకుని. వద్దని చెప్పాలా? మీ దగ్గర ఆ శబ్దానికి అర్థం ఏమిటి?"

బావకి ఫోన్ చేసి వినిపిస్తే ఎగిరి గంతేశాడు. మన తెలుగు ఊ కెంటకీ జానపదంలోకి ఎక్కిందని, చర్చిలో సాక్ష్యం చెబుతానన్నాడు. ఎవరికీ చెప్పొద్దని గట్టిగా అరిచాను. రెండు రోజులు ఆలోచించి జోడీకి జవాబు రాశాను. ఊ అంటే తర్వాతేమైంది అని అడగడం అని రాశాను. పిల్లలకి తప్పకుండా చెప్పమన్నాను: అది పాట కాదు, ఒక ముసలాడు ఓర్చుకోలేకపోయిన చోటు. ఇక్కడి దాకా ఓపల్ గారు, ఇక్కడి నుంచి ఎవరికీ తెలియదు, అని చెప్పమన్నాను. ఆమె సరేనంది. పిల్లలు మాత్రం మానలేదట.

ఇలాంటి ప్రయాణాల గురించి రాసేవాళ్ళు చివర్లో రెండు సంస్కృతులు కలిశాయనో, సంగీతానికి హద్దులు లేవనో రాస్తారు. నేనూ అలా రాసేవాడినే, ఇది నా మీదికి రాకపోతే. హద్దు ఉంది. ఆ వంటింటి బల్లకి ఇవతల నేను కూర్చున్నాను, అవతల ఆవిడ కూర్చుంది, ఇవతల నుంచి ఒక్క చప్పుడు కూడా వెళ్ళకూడదని నాకు ముందే చెప్పారు. నా ప్రేమ నిజమే, ఎనిమిది వందల మైళ్ళూ నిజమే. అవేవీ పన్నెండో చరణాన్ని తిరిగి తేలేవు. తాడు ఇచ్చినవాడు ఏం చెప్పాడో ఊహించుకుంటూ నేను చాలా రాత్రులు పడుకున్నాను. మునిగిపోయాడని చెప్పాడా, ఇంకో ఊళ్ళో ఇంకో ఆమెతో ఉన్నాడని చెప్పాడా, వస్తున్నాడు పొయ్యి వెలిగించమని చెప్పాడా. ఎనిమిది చరణాలకి సరిపడా కథ నేనే అల్లగలను, అల్లకం నాకు వచ్చిన పనే. అల్లనని జోడీకి మాటిచ్చాను.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. సెప్టెంబరు ఆఖర్లో వెళ్ళండి. అప్పటికి ఎండ తగ్గుతుంది, ఇళ్ళ కిటికీలు ఇంకా మూయరు. ఎవరైనా పెద్దవాళ్ళు పాడతామంటే, లోపలికి రమ్మన్నా సరే, వరండాలో కూర్చోండి. కుర్చీ కిటికీకి నాలుగడుగుల అవతల వేసుకోండి. పాట అంత దూరం వస్తుంది.